జంగు వదిలిన గానుగ

కొత్తూరు, కొల్లాపూర్ దగ్గర
ఏప్రిల్ 2016

తమ్మీ కమలాకరూ,

మేము మంచిగనే ఉన్నం. నువ్వు, నిరోష ఎట్లున్నరు? ఫోన్ చేస్తే నీకు వినవడదు. నిరోష ఎత్తి "ఏం సంగతి వదినె" అంటది, నేను చెప్పిందాంట్ల సగమే నీదాక వస్తది. ఆ లేతు మిషన్ల మోతల ఇన్నేండ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నవ్. గందుకే రాస్తున్న. పాతూరి బడిల నేర్చిన అక్షరాలు ఇంకా మర్సిపోలె.

ఈ ఎండలకు కృష్ణ ఎంత ఎనుకకు పోయిందంటే, మన పాతూరు మొత్తం బయట పడ్డది. డ్యాము నీళ్లు వచ్చి ఊరు మునిగిననాటి సంది ఇంతగనం తేలింది నేనెన్నడు చూడలె. జనం బండ్ల మీద వచ్చి చూసి పోతున్నరు. నేను, మీ బావ పొద్దున్నే పోయినం. ఇండ్ల గోడలు మోకాళ్ల మట్టం ఉన్నయి. మన గడప రాయిని పట్టుకొని జర సేపు కూసున్న.

ఆడికెల్లి చెరుకు మడి దిక్కు పోతే ఒండ్రుల ఏందో నల్లగ, ఎర్రగ పక్కకు ఒరిగి ఉన్నది. దగ్గరికి పోతే గానుగ. బాపు తెచ్చిన గానుగ, తమ్మీ. నీళ్లొచ్చిననాడు బండ్ల ఎక్కించ చాతగాక విడిచిపెట్టి వచ్చిండు సూడు, గదే. మూడు రోలర్లు, వాటిని తిప్పే పండ్ల చక్రాలు అన్నీ ఉన్నయి గని జంగు పట్టి ఒక్క ముద్దయింది. చెయ్యి పెడితే పొరలు పొరలు ఊడొస్తాంది.

నాకు రాత్రి నిద్ర పట్టలె. మా మడిల చెరుకు ఉన్నది కద. ఫ్యాక్టరోళ్లు కొట్టమన్ననాడే కొట్టాలె, లారీ వచ్చేదాక గట్టు మీద ఎండాలె. గానుగ నడిస్తే బెల్లం మనమే వండుకోవచ్చు. చిన్నప్పుడు బాపు ఎనుక నేనే పొయ్యి కాడ నిలబడేదాన్ని, పాకం నాకు తెలుసు.

ఇనుము సంగతి నీకు తెలుసు. అది బాగయితదా? ఇంకొక మాట. గానుగ బాపుది, అంటే మన ఇద్దరిది. నువ్వు వద్దంటే ముట్ట.

నీ అక్క
సోమమ్మ

*

కట్టంగూర్
ఏప్రిల్ 2016

అక్కా,

దండాలు. నీ ఉత్తరం నా వెల్డింగ్ షెడ్డుల కూసొని సదివిన. నిరోషకు చెప్తే నవ్వింది. నాకు గూడ నవ్వొచ్చింది గని నువ్వు గడప రాయి పట్టుకొని కూసున్నవన్న కాడ ఆగిపోయిన.

అక్కా, నిజం చెప్త. ముప్పై ఏండ్లకు ఎక్కువ నీళ్లల్ల ఉన్న ఇనుము అది. పాత సామాన్లోడు గూడ కాట పెట్టడు. నీ రెక్కలు పోతయి. అయినా నీకు మనసు ఉంటే తీస్కో. అది నీదే. నాకెందుకు, నేను ఎన్నడు అడుగ. బాపు ఉన్నా నీకే ఇస్తుండె.

తీసేటట్టయితే ఈ మాటలు యాది పెట్టుకో. అది బీడు ఇనుము, పోత పోసింది. మామూలు ఇనుమయితే వంగుతది, ఇది వంగదు, పలుగుతది. సుత్తె పెట్టకు. ఒండ్రును కట్టెతోని గోకు, గడ్డపారతోని కాదు. నట్లు తిరుగకపోతే కిరసనాయిల్ పోసి రెండు మూడు రోజులు విడిచిపెట్టు. ఇంకా రాకపోతే సుట్టు పిడకలు పేర్చి సన్నగ సెగ పెట్టు. వేడి మీద ఉన్నప్పుడు సుక్క నీళ్లు పడొద్దు, పడితే టప్పుమని చీలుతది. బావకు గట్టిగ చెప్పు, ఆయనకు ఓపిక తక్కువ.

నీ తమ్ముడు
కమలాకర్

*

కొత్తూరు
జూన్ 2016

తమ్మీ,

గానుగ ఇంటికొచ్చింది. ట్రాక్టర్ కట్టినం. ఊరోళ్లు సాయం పట్టిండ్రు, పట్టుకుంట నవ్విండ్రు. "సోమమ్మా, గిది గానుగనా, చచ్చిన బర్రెనా" అని ఒకడు. వాన పడకముందే తెచ్చినందుకు బతికిపోయినం, ఇప్పుడు ఆడ మల్ల నీళ్లు ఎక్కుతున్నయి.

నువ్వు చెప్పినట్టే చేసిన. పిడకల సెగకు నట్లు ఒక్కొక్కటి కదిలినయి. రెండు రోలర్లు బయటికి వచ్చినయి. మూడోదాని కాడ నేను నీళ్లకు పోయిన, వచ్చేసరికి టంగుమని సప్పుడు. మీ బావ సుత్తె పట్టుకొని నిలబడ్డడు. పండ్ల చక్రానికి ఒక పన్ను ఊడి కింద పడ్డది.

ఆయన్నే అన్నడు, "సిన్నగనే కొట్టిన" అని. తర్వాత ఆ పన్నును తువ్వాలల మూట గట్టి దూలం మీద పెట్టిండు. రోజు తీసి చూస్తుండు, అతుక్కున్నదేమో అన్నట్టు.

ఇగ జంగు. పై పొరలు పోయినయి గని లోపట గట్టిగ పట్టుకొని ఉన్నది. ఇటుక ముక్క పెట్టి రాకితే చేతులు బొబ్బలెక్కినయి. చింతపండు రుద్దిన, జర తెల్లబడ్డది, తెల్లారి మల్ల ఎర్రగయింది. ఏం చెయ్యాలె?

నీ అక్క

*

కట్టంగూర్
జూలై 2016

అక్కా,

ఊడిన పన్నుకు ఫికర్ చేయకు. చక్రం, పన్ను రెండూ బస్సుల పార్సల్ వెయ్యి. ఇత్తడి కడ్డీతోని అతికిస్త. బావను ఏమనకు.

జంగుకు చింతపండు చాలదు. బెల్లపు మడ్డి దొరుకుతదా చూడు, పసుల దాణా అమ్మేటోళ్ల కాడ ఉంటది. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలుపు. సిమెంటు తొట్టిల పోసి రోలర్లు మొత్తం మునిగేటట్టు పెట్టు, సగం బయట ఉంటే నీళ్ల గీత కాడ ఇనుము తినుకపోతది. వారాలకు వారాలు ఉండనియ్యి. మురిగి వాసన కొడ్తది, ఓర్చుకో. మడ్డి జంగునే తింటది, మంచి ఇనుమును శానా తక్కువ ముడుతది.

తీసినంక తీగల బ్రష్‌తోని కడిగి, అప్పటికప్పుడే ఎండల ఆరబెట్టి నూనె పెట్టాలె. రెప్పపాటు ఆలస్యం చేసినా మల్ల ఎర్రబడ్తది. చెరుకు తగిలే కాడ పల్లినూనె, ఇరుసులకు ఆముదం.

ఈడ మా షెడ్డు పక్కపొంటి పెద్ద హోటల్ లేస్తాంది. హైదరాబాద్ రోడ్డు కద, కార్లు ఆగుతయని. నా షెడ్డు ఉన్న జాగ గూడ ఆ హోటల్ సారుదే. ఊకె వచ్చి చూసి పోతున్నడు. ఏం లేదు, ఊరికెనే చెప్పిన.

కమలాకర్

*

కొత్తూరు
అక్టోబర్ 2016

తమ్మీ,

ఒక ముచ్చట చెప్త, నవ్వుతవో ఏడుస్తవో నీ ఇష్టం. మడ్డి నీళ్లు మురిగి వాసన వాడంత కొట్టింది. ఎవరు చెప్పిండ్రో, ఆబ్కారోళ్లు జీపేసుకొని వచ్చిండ్రు. సోమమ్మ ఇంట్ల గుడుంబ కాస్తున్నరని. ఇప్పుడు గుడుంబ మీద ఎంత గట్టిగున్నరో నీకు తెలుసు కద. మీ బావ తలుపు ఎనుకకు జరిగిండు. నేను తొట్టి మీది రేకు తీసిన. ఒకాయన కట్టె పెట్టి కలిపిండు, ఠంగుమన్నది.

"ఏందమ్మా ఇది?"

"మా బాపు గానుగ సారూ. జంగు తీస్తున్న."

ఆయన చెయ్యి ముంచి రోలర్‌ను తడిమి చూసిండు. వాళ్ల తాత కాడ గూడ ఉండెనట. పోయేటప్పుడు "బెల్లం వండితే చెప్పమ్మా" అని పోయిండు.

గా మొన్ననే రోలర్లు తీసిన. కడిగితే కడిగినకొద్ది కింద నల్లటి నీళ్లు, నల్లటి నీళ్లు, అటెన్క బూడిద రంగు ఇనుము. గుంటలు పడ్డయి గని గట్టిగున్నది. పల్లినూనె రాస్తుంటే మీ బావ ఎనుక నిలబడి చూసిండు. ఈ మధ్య ఆయన నవ్వుడు బంద్ చేసిండు. అడుగకుండనే నీళ్లు మోస్తుండు.

చక్రం నువ్వే తీస్కరా. నీ చేతితోనే బిగించు. నువ్వు మా ఇంట్ల తిని ఎన్నాళ్లయింది?

నీ అక్క

*

కొత్తూరు
ఫిబ్రవరి 2017

బంగారం అసుంటి తమ్మునికి,

నువ్వు చక్రం బిగించి పోయిన వారానికే గానుగ ఆడించినం. రెండు రోజులు ఉండి చూసి పోరా అంటే పని ఉన్నదని పోతివి. గానుగను తిప్పనీకి తుమ్మ దూలం కట్టినం. ఎడ్లు దొరకలె, ఇప్పుడు ఎవరికున్నయి, మా ఎనుక ఇంటి మనీష వాళ్ల ఎడ్లను బతిమాలి తెచ్చిన. ముందుగల కొన్ని గడలు ఆడించి ఆ రసం పారబోసినం, నూనె, మురికి పోవాలని. అటెన్క తెల్లటి చెరుకు పాలు వచ్చినయి. తమ్మీ, నేను నోరు పెట్టి తాగిన. జంగు వాసన లేదు.

నవ్వినోళ్లందరు వచ్చిండ్రు. వాళ్ల చెరుకు గూడ తెస్తమంటున్నరు. వచ్చే ఏడు ఫ్యాక్టరీ మొఖం చూడనని మీ బావ చెరుకు కోసిన మోడులు మల్ల మొలువాలని మంచిగ నీళ్లు కట్టిండు. ఆయన నోట వచ్చే ఏడు అన్న మాట విని ఎన్ని దినాలయిందో.

బెల్లం ముద్దలు పార్సల్ చేసిన. మొదటి పాకం జర మాడింది, ఏమనుకోకు. మనీష ఫోన్ల ఫొటోలు తీసి నిరోషకు పంపింది, చూడు.

ఇది నీ చేతి పని గూడ. నువ్వు చెప్పకపోతే నేను ఇటుక ముక్క పట్టుకొని రాకుకుంటనే ఉందును.

నీ అక్క
సోమమ్మ

*

కట్టంగూర్
మార్చి 2017

అక్కా,

బెల్లం అందింది. మంచిగున్నది. నిరోష అందరికి పెట్టింది.

ఫొటోలు హోటల్ సారు చూసిండు. నిరోషనే చూపెట్టింది. ఆయన హోటల్ ముందట పల్లెటూరు లెక్క కడుతున్నడు. ఎడ్లబండి, మోట, ఇసుర్రాయి అన్నీ తెచ్చిపెట్టిండు. అసలు గానుగ ఎక్కడ దొరకలేదట. "కమలాకర్, గిది మీ నాయిన గానుగ కదా, నీదే కదా" అన్నడు. నేనేం చెప్పలె.

నేననేది ఏందంటే, అక్కా, నీకు వయసు మీద పడుతాంది. బావకు మోకాళ్ల నొప్పి. ఎడ్ల కొరకు రోజు ఒకర్ని బతిమాలుడు ఎందుకు. ఆయన నీకు కొత్త కరెంటు గానుగ ఇప్పిస్తనన్నడు. బటన్ ఒత్తితే ఆడుతది. ఇదేమో పదిమంది చూసే కాడ ఉంటది, బాపు పేరు బోర్డు మీద రాయిస్తనంటున్నడు. ఆలోచన చేయి.

కమలాకర్

*

కొత్తూరు
మార్చి 2017

తమ్మీ,

కరెంటు గానుగ అంత మంచిదయితే మీ సారును అదే హోటల్ ముందట పెట్టుకోమను.

నువ్వు "నేనేం చెప్పలె" అని రాసినవ్. ఎందుకు చెప్పలె? మా అక్కదని ఒక్క మాట అంటే అయిపోతుండె.

నేను ఇయ్య. ఈ ముచ్చట ఇంక రాయకు. ఇంట్ల అందరు మంచిగున్నరా?

సోమమ్మ

*

కొత్తూరు
జూన్ 2017

కమలాకర్,

నేను దవాఖానకు పోయిననాడే వచ్చినవ్. నాకు కంటి పరీక్ష ఉన్నదని నిరోషకు ఫోన్ల నేనే చెప్పిన, అది గూడ యాదికున్నది.

ఇంటికొచ్చేసరికి కొట్టం ఖాళీగున్నది. నేల మీద నూనె మరక, చుట్టు లారీ టైర్ల గీతలు. మీ బావ అరుగు మీద కూసొని ఉన్నడు.

"ఏది?" అన్న.

"కమలాకర్ తీస్కపోయిండు. నువ్వు ఒప్పుకున్నవట కద. రంగేయించి పంపిస్తనన్నడు" అన్నడు. అని నా మొఖం చూసి ఆగిండు. "నువ్వు ఒప్పుకోలేదా?"

నేనేం చెప్పాలె ఆయనకు? లారీల ఎక్కించనీకి ఆయన గూడ భుజం పెట్టిండట. మోకాళ్ల నొప్పితోని, గానుగ కింద నిలబడి, సిన్నగ, సిన్నగ అనుకుంట. పన్ను ఊడగొట్టిన మనిషి కద, ఇంకోసారి దెబ్బ తగులొద్దని. అబద్ధం నాతోని ఆడితే నేను సయించుదును. ఆ మనిషితోని ఎందుకు ఆడినవ్? ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలె. ఇప్పటికి నా కండ్లల్లకు చూసి మాట్లాడుతలేడు, తప్పు తనదయినట్టు.

బురదల ఉన్నప్పుడు నీదే అక్కా అన్నవ్. నూనె పెట్టి నిలబెట్టినంక బాపు కొడుకువయినవ్. ఊరు మునిగినందుకు బాపుకు వచ్చిన పరిహారం నీ చదువుకు పోయింది. ఒక్కనాడు అడిగిననా? అడుగలె. అడుగకపోవుడే నీకు అలవాటయింది.

లారీ పంపు. వచ్చిన తొవ్వలనే పంపు.

సోమమ్మ

*

కట్టంగూర్
జూలై 2017

అక్కా,

నువ్వు తిట్టిన తిట్లు నేను పడాల్సినవే. ఒక్కటి విను.

ఉగాది పోయినంక సారు షెడ్డు ఖాళీ చేయమన్నడు. కార్లు నిలుపుటానికి జాగ కావాలెనట. అప్పుడు నీకు రాయలె, సిగ్గనిపించింది. ఈ వయసుల, ఈ చెవులతోని నేను ఎక్కడికి పోవాలె? రోడ్డు మీద ఇంకో షెడ్డుకు నాకు కిరాయి ఎవరిస్తరు? ఎవరన్న పని చెప్తే రెండుసార్లు చెప్పించుకోవాలె, విసుక్కొని పోతున్నరు. ఈడ నన్ను ఎరిగినోళ్లున్నరు కాబట్టి నడుస్తాంది. గానుగ పెట్టినంక సారు షెడ్డును ఎనుక దిక్కు జరుపుకో, ఉండు అన్నడు. నోటి మాటనే, గని అన్నడు.

బావకు అబద్ధం చెప్పింది తప్పే. నిజం చెప్తే ఆయన ఇస్తుండెనా?

కరెంటు గానుగ సంగతి రెండుసార్లు అడిగిన. ఇస్తనంటున్నడు.

శ్రావణంల హోటల్ షురువు. నువ్వు రావాలె. అందరి ముందట నిన్ను కూసోబెట్టి శాలువ కప్పుతరు, నేను మాట్లాడిన. నువ్వొస్తే నా మనసు నిమ్మళమయితది. బావను గూడ తీస్కరా.

నీ తమ్ముడు
కమలాకర్

*

కొత్తూరు
సెప్టెంబర్ 2017

కట్టంగూర్ల ఉండే కమలాకర్‌కు,

నేను వచ్చింది నువ్వు చూసినవ్. ఉండకుండ ఎందుకు పోయిననో చెప్పాలె కాబట్టి రాస్తున్న.

శాలువ కొరకు రాలె. దాన్ని ఒక్కసారి చూసుకుందామని వచ్చిన. మీ బావ రానన్నడు. బస్సు దిగి గేటు కాడనే చూసిన. మొదలు నేను పోల్చుకోలె. వెండిపూత అసుంటి రంగు కొట్టిండ్రు, పండ్ల చక్రాలకు ఎర్ర రంగు. రోలర్ల నడుమ ప్లాస్టిక్ చెరుకు గడలు పెట్టిండ్రు. ఒక పిల్లగాడు దూలం పట్టుకొని నూకుతుంటే కదులుతలేదు. వంగి చూసిన. రోలర్లు ఒకదానికొకటి వెల్డింగ్ పెట్టి అతికించి ఉన్నయి. ఎవరి చేతి పనో నేను అడిగే పని లేదు, నీ అతుకు నాకు తెలుసు.

నువ్వు దగ్గరికొచ్చి "పిల్లల వేళ్లు పడ్తయని, అక్కా" అన్నవ్. నేను దాని మీద చెయ్యి పెట్టి ఉన్న. రంగు అంటుకున్నది.

గప్పుడే మీ సారు వచ్చిండు. మంచిగనే దండం పెట్టిండు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు తెలిసిందే మాట్లాడిండు. "అమ్మా, మీ తమ్ముడు మొనగాడు. నీళ్లల్ల మురిగిన దాన్ని తీసి, జంగు వదిలించి, ఇట్ల నిలబెట్టిండు" అన్నడు. పక్కన నువ్వున్నవ్. నీకు వినవడలేదేమో అని నీ మొఖం చూసిన. వినవడకపోతే నువ్వు ఎదుటోళ్ల పెదవులు చూస్తవ్, నాకు తెలుసు. నువ్వు కింద నేల చూసినవ్.

ఆడికెల్లి ఉండబుద్ధి కాలె. నిరోష గేటుదాక ఉరికొచ్చి "తినన్న పో వదినె" అన్నది. ఆమెకు చెప్పు, ఆమె మీద నాకేం లేదని.

బస్సుల కిటికీ పక్కన కూసొని ఏడుద్దామనుకున్న, రాలె. చేతికి అంటిన రంగును కొంగుతోని రుద్దుకుంట కూసున్న. పోలె. ఇంటికొచ్చి కిరసనాయిల్ పెట్టి కడుక్కున్న.

నీకు షెడ్డు నిలిచింది. అది పోవాలని నేను కోరుకోను. నువ్వు ఆ ముచ్చట ముందుగాల్నే రాస్తే ఏం చేద్దునో ఇప్పుడు నాకే తెల్వదు. ఇద్దునేమో. నా అంతట నేను ఇచ్చే వీలు గూడ నాకు లేకుండ చేసినవ్. గదే నాకు దిగుతలేదు.

చెరుకు పీకేసినం. మీ బావనే గడ్డపార తీస్కొని మోడులు తవ్విండు. ఎదుగకముందే ఎందుకు తవ్వుతున్నవని ఊరోళ్లు అడుగుతుంటే తవ్వుకుంటనే పోయిండు. ఆ మడిల పత్తి పెట్టినం. మనీష వాళ్ల నాయిన వచ్చి, "నీ నోటి కాడిది పోయిందక్కా, మేము గూడ ఈసారి మా చెరుకు నీ కాడనే ఆడించుకుందుము" అన్నడు. కూసోమని చాయ పోసిన.

నేను వచ్చిపోయినంక నువ్వు రాసిన రెండు ఉత్తరాలు అందినయి. సదివిన. జవాబు ఇదే. దసరకు రమ్మన్నవ్, రాను. నువ్వు గూడ రావొద్దు. నిరోష వస్తె అన్నం పెడ్త.

మొన్న పెత్రమాసనాడు పొద్దున్నే తలకు పోసుకొని, చాటల బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకొని, పోయిన బాపు పేరు మీద ఇద్దామని అయ్యగారి ఇంటికి పోయిన. మీ బావ ఎంట వచ్చిండు. అయ్యగారు నీళ్లు చల్లి ఎవరి పేరు మీద అని అడిగిండు. కాటమయ్య, మా బాపు అన్న.

"కొడుకులు ఇచ్చేది కదమ్మా ఇది. ఆయనకు కొడుకులు లేరా?" అన్నడు.

మీ బావ నా దిక్కు చూసిండు.

లేరని చెప్పిన.

కాటమయ్య బిడ్డ
సోమమ్మ